చావని శత్రువు మీద తుపాకీ ఎందుకు?

చిక్కడపల్లి చదువరి
శనివారం, రాత్రి 10:20

లామకాన్‌లో కలిసినప్పుడు సగంలో ఆగిపోయిన వాదనని ఇక్కడికి తెస్తున్నా. అక్కడికి రాలేనివాళ్లు కూడా మాట్లాడాలని నా కోరిక.

బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనే అంతరిక్ష టీవీ సిరీస్ మూడో సీజన్ మొదటి ఎపిసోడ్లు (2006) చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. మనుషులు తయారుచేసిన యంత్రాలే సైలాన్లు; కొందరు అచ్చం మనుషుల్లాగే ఉంటారు. వాళ్ల అణుదాడిలో చచ్చినవాళ్లు చావగా మిగిలిన మనుషులు న్యూ కాప్రికా అనే గ్రహం మీద గుడారాలు వేసుకుని బతుకుతుంటారు. ఏడాది తిరిగేసరికి సైలాన్లు వచ్చి దిగుతారు. అధ్యక్షుడు బాల్టర్ లొంగిపోతాడు. ఊరి కాపలాకి సైలాన్లు మనుషుల్లోంచే పోలీసుల్ని తయారుచేస్తారు. రాత్రిళ్లు ముసుగులేసుకుని గుడారాల మీద పడి పక్కింటివాళ్లని ఎత్తుకెళ్లేది ఈ పోలీసులే. ప్రతిఘటన నడిపేది కల్నల్ టై. జైల్లో ఒక కన్ను పీకించుకుని బయటికొచ్చిన మనిషి. భార్య చనిపోయాక బతుకు మీద ఆశ వదిలేసిన డక్ అనే పైలట్‌ని ముందే పోలీసుల్లో చేర్పించి, ఒంటికి బాంబు కట్టి, కొత్త పోలీసుల పాసింగ్ అవుట్ పరేడ్‌లోకి పంపిస్తాడు.

నా ప్రశ్న ఇది. సైలాన్లు చావరు. ఇక్కడ ఒళ్లు పోతే పునర్జన్మ ఓడలో ఇంకో ఒంట్లో కళ్లు తెరుస్తారు. మర్నాడు అదే మొహంతో మీటింగ్‌లో కూర్చుని, కొత్త ఒంట్లోకి రావడం ఎంత తలనొప్పో చెప్పుకుంటారు. అలాంటి శత్రువుని చంపడంలో లెక్క ఏమిటి?

నాకు తోచింది చెప్తాను. టై యుద్ధం సైలాన్ల మీద కాదు, వాళ్లకీ జనానికీ మధ్యలో నిలబడ్డ మనుషుల మీద. ఆక్రమణ అనేది టాంకులతో రోజూ నడవదు. పేర్ల జాబితాలు రాయాలి, రేషన్ పంచాలి, ఎవరి గుడారం ఎక్కడుందో చూపించాలి. ఇవన్నీ చేసేది స్థానికులే. ఆ పని ఒప్పుకునేవాడికి నిద్ర లేకుండా చేస్తే ఆక్రమణ గుడ్డిదైపోతుంది. లెక్కగా చూస్తే ఇది గట్టి లెక్కే. కానీ ఆ పరేడ్‌లో చచ్చినవాళ్లలో జామర్ లాంటివాళ్లు ఎంతమంది ఉంటారు? ఊళ్లో శాంతి ఉంటుందన్న నమ్మకంతో చేరి, తర్వాత బయటపడలేక ఇరుక్కుపోయిన కుర్రాళ్లు. అక్కడికొచ్చేసరికి టైతో నేను నడవలేకపోతున్నా. మీరేమంటారు?


గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్
శనివారం, రాత్రి 10:58

అన్నా, ప్రశ్న బాగుంది కానీ సగమే అడిగారు. బాంబు పేలాక సైలాన్లు ఏం చేశారో కూడా లెక్కలో వేయాలి. గుడారాల మీద పడి జనాన్ని పట్టుకెళ్లారు. బాల్టర్ తలకి తుపాకీ ఆనించి మరణశిక్షల కాగితం మీద సంతకం పెట్టించారు. లారీలకెక్కించి ఊరి బయటికి తోలుకెళ్లి కాల్చబోయారు. బాంబుకి పోయినవాళ్లు ఒక లెక్క, బాంబుకి జవాబుగా పోబోయినవాళ్లు ఇంకో లెక్క.

స్టార్ వార్స్ సిరీస్ ఆండోర్ (2022)లో, సామ్రాజ్యం మీద రహస్యంగా తిరుగుబాటు నడిపే లూథెన్ నమ్ముకునేది ఈ రెండో లెక్కనే. ఆల్దానీ గ్రహం మీది సైనిక స్థావరంలో సైన్యం జీతాల డబ్బు 8 కోట్ల క్రెడిట్లు కొట్టేస్తారు. దీనివల్ల జనం నలిగిపోతారని సెనేటర్ మోన్ మోత్మా నిలదీస్తే, సామ్రాజ్యం విరుచుకుపడాలనే నేను కోరుకుంటున్నా అన్నట్టు మొహమ్మీదే చెప్తాడు. వెంటనే శిక్షలు పెంచే కొత్త ఆర్డర్ వస్తుంది. ఆ దోపిడీ చేసినవాళ్లలో ఒకడైన కాసియన్ ఒక బీచ్ ఊళ్లో షాపుకి నడిచి వెళ్తుంటే పట్టుకుని ఆరేళ్లు వేస్తారు. దోపిడీలో అతను ఉన్నాడని వాళ్లకి తెలియనే తెలియదు. ఏ తప్పూ చేయనివాణ్ణి పట్టినట్టే పట్టారు. జైల్లో చూస్తే అందరూ అలాంటివాళ్లే. ఆ జైలే తర్వాత బద్దలవుతుంది.

ఈ దోపిడీ ఆలోచన 1907లో టిఫ్లిస్‌లో బోల్షెవిక్కులు బ్యాంకు డబ్బు బండిని కొట్టిన సంఘటన నుంచి వచ్చిందని టోనీ గిల్‌రాయ్ స్వయంగా చెప్పారు. అందుకే అది అంత నిజంగా అనిపిస్తుంది.

నా ఓటు లూథెన్‌కే. సర్దుకుపోయి బతికే దారి ఉన్నంతకాలం ఎవరూ కదలరు. ఆ దారి మూసేయాలి.


డీప్‌స్పేస్ దిల్‌సుఖ్‌నగర్
శనివారం, రాత్రి 11:31

తమ్ముడూ, ఎవరి దారిని ఎవరు మూస్తున్నారు? లూథెన్ కొట్టు రాజధాని కోరుసాంట్‌లో ఉంది. మూసుకుపోయిన దారి కాసియన్ పడ్డ నార్కీనా జైల్లో మగ్గేవాళ్లది. తను పడని దెబ్బని ఇంకొకరి వీపు మీద వేయించి, దాన్ని వ్యూహం అనడం నాకు మింగుడుపడదు.

ఈ విషయంలో నా మనసులో నిలిచిపోయింది స్టార్ ట్రెక్ సిరీస్ డీప్ స్పేస్ నైన్. బజోర్ గ్రహం మీద కార్డాసియన్ల ఆక్రమణ సుమారు 50 ఏళ్లు నడిచింది. కథ మొదలయ్యేది వాళ్లు వెళ్లిపోయాక. అందుకే ఆ సిరీస్‌కి మిగతావాటికి లేని సౌకర్యం ఒకటుంది. తుపాకీ పట్టినవాళ్లని తుపాకీ దించాక చూపిస్తుంది. బజోర్‌కి చెందిన కిరా నెరీస్ చిన్నపిల్లగా ఉన్నప్పుడే షకార్ అనే ప్రతిఘటన దళంలో చేరింది. పెద్దయ్యాక అంతరిక్ష స్టేషన్‌లో ఆఫీసరు. కాఫీ కప్పు పట్టుకుని నడిచే మామూలు ఉద్యోగి.

1997లో వచ్చిన ‘ది డార్క్‌నెస్ అండ్ ది లైట్’ ఎపిసోడ్‌లో ఆమె పాత దళం సభ్యుల్ని ఎవరో ఒక్కొక్కరిగా చంపుతుంటారు. చివరికి దొరికినవాడు ప్రిన్ అనే కార్డాసియన్. మొహం సగం కాలిపోయి ఉంటుంది. వాడు సైనికుడు కాదు. ఒక సైనికాధికారి ఇంట్లో యూనిఫాంలు శుభ్రం చేసే పనివాడు. కిరా పెట్టిన బాంబుకి ఆ అధికారితో పాటు ఆయన కుటుంబమూ పోయింది, వీడి మొహమూ పోయింది. కిరాని కట్టేసి, నేను బట్టలు ఉతుక్కునేవాణ్ణి, నన్నెందుకు కాల్చావు అని అడుగుతాడు. ఆమె కడుపుతో ఉంది, చావు ఎదురుగా ఉంది. అయినా క్షమాపణ చెప్పదు. ఆ నేల మీద మీలో ఎవరికీ చోటు లేదు, మీరందరూ గురే అన్నట్టు జవాబిస్తుంది. ఈ ఎపిసోడ్ స్క్రిప్టు రాసింది రోనాల్డ్ డి. మూర్. తర్వాత న్యూ కాప్రికాని సృష్టించిందీ ఆయనే.

ఇప్పుడు దాన్ని మొదటి సీజన్‌లోని ‘డ్యూయెట్’ (1993) పక్కన పెట్టి చూడండి. గల్లిటెప్ లేబర్ క్యాంపులో పనిచేసిన గుమస్తా మారిట్జా, ఆ క్యాంపు అధికారిని నేనే అని అబద్ధం చెప్పి తనకి తానే శిక్ష కోరుకుంటాడు. కిరా నిజం కనుక్కుని వదిలేస్తుంది. బయటికి నడుస్తుంటే ఒక బజోరన్ వెనకనుంచి పొడిచేస్తాడు. కార్డాసియన్ కదా, అది చాలు అంటాడు. చాలదు అంటుంది కిరా.

ఒకే మనిషి. ఒకచోట బట్టలుతికేవాడు కూడా గురే అంది, ఇంకోచోట గుమస్తాని చంపడం తప్పంది. నాకిందులో వైరుధ్యం కనిపించదు. ఆక్రమణ నడుస్తున్నంతసేపు అందులో ఉన్న ప్రతివాడూ ఆ యంత్రంలో భాగమే అని ఆమె లెక్క. యంత్రం ఆగాక మనిషిని మనిషిగా చూడాలి. టైకి లేనిది ఈ రెండో సగం.


జనగామ మట్టి
ఆదివారం, ఉదయం 6:45

అక్కా, మంచిగా రాసినవ్. నేను వేరే వైపు నుంచి చెప్తా.

మాది జనగామ దిక్కు ఊరు. ఇప్పుడు ఉప్పల్‌లో ఉంటున్నం. మా నాయనమ్మ సాయుధ పోరాటం నాటి సంఘం రోజులు చూసిన మనిషి. రాత్రి దళం వచ్చేది, వాళ్లకి జొన్న గటక వండిపెట్టేది. రాత్రిపూట విసుర్రాయి తిప్పితే చప్పుడు నాలుగిళ్ల దాకా పోతది కాబట్టి, పొద్దుగాలనే ఇంటి అవసరానికి మించి విసిరి, గంప కింద దాచిపెట్టేది. వాళ్లు తిని పోయినంక తెల్లారకముందే ముంతలన్నీ తోమి బోర్లించేది. ఎందుకంటే పొద్దున వచ్చే పట్టేలు మనుషులు ముందుగాల చూసేది పొయ్యినీ, ఎంగిలి ముంతల్నీ. ఇంట్ల ముగ్గురే ఉండి ఎనిమిది ముంతలు ఎంగిలైతే ఇక చెప్పాల్సిన పని లేదు. ఆమె ఏనాడూ తుపాకీ ముట్టలేదు. కానీ పట్టుబడితే పడే దెబ్బలు దళం వాళ్లకి పడేవాటికంటే తక్కువేం కావు.

ఈ సిరీస్‌లలో నాకు వెలితిగా అనిపించేది ఇదే. ప్రతిఘటన అంటే ఐదారుగురు గుసగుసలాడే గది చూపిస్తరు. ఆ ఐదారుగురికి అన్నం ఎవరు పెడుతున్నరో చూపించరు. ఆండోర్‌లో ఫెరిక్స్ ఊరు ఒక్కటే కొంత దగ్గరగా వచ్చింది. పోలీసులు దిగంగనే జనం ఇనుప ముక్కల మీద కొట్టి ఊరంతా చప్పుడు చేసే సీను చూసి నాకు రోమాలు లేచినయ్.

చదువరి గారి లెక్క మీద నా మాట ఏంటంటే, నేల ఎట్లాంటిదో చూడాలె. తెలంగాణ దళాలకి పల్లెలు వేలల్ల ఉన్నయ్, మిలిటరీ దిగినంక నల్లమల, గోదావరి అడవులు ఉన్నయ్. దెబ్బ కొట్టి తప్పుకునే చోటుంది. న్యూ కాప్రికా ఏంది? ఒక్క బురద మైదానం, వరుసగా గుడారాలు. టై దెబ్బ కొట్టి మళ్లీ అదే జనంలకి పోవాలె. అంటే సైలాన్ల పగ ఎప్పుడూ అదే జనం మీద పడతది. అడవి లేని చోట గెరిల్లా యుద్ధం చేస్తే జనమే అడవి అవుతరు, కాలేది కూడా జనమే.


మలక్‌పేట వకీలు
ఆదివారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. చట్టం చదివినవాడిగా ఒక కోణం కలుపుతాను. ఈ ప్రశ్నల మీద ప్రపంచం కొంత రాసిపెట్టుకుంది.

1977 నాటి జెనీవా మొదటి అదనపు ప్రోటోకాల్‌లో, పరాయి ఆక్రమణ మీద జనం చేసే పోరాటాన్ని అంతర్జాతీయ యుద్ధంగానే చూడాలని మొదటి అధికరణంలోనే ఉంది. భారత్ అందులో చేరలేదు, అమెరికా సంతకం చేసింది కానీ ధ్రువీకరించలేదు. అంటే ఆక్రమణ కింద ఆయుధం పట్టినవాడు కేవలం నేరస్తుడు కాడన్న మాట కాగితం మీదికొచ్చింది. కానీ అదే కాగితం వాళ్లకీ హద్దులు గీసింది. 39వ అధికరణం ప్రకారం శత్రువు యూనిఫాం వేసుకుని దాడి చేయకూడదు. డక్ చేసింది సరిగ్గా అదే. పోలీసు బట్టల్లో వెళ్లి పోలీసుల మధ్య పేలాడు.

ఇక రెండో వైపు. 1949 నాలుగో జెనీవా ఒప్పందం 33వ అధికరణం: ఒకడు చేసినదానికి ఇంకొకణ్ణి శిక్షించకూడదు, ప్రతీకారం తీర్చుకోకూడదు, సామూహిక శిక్షలు వేయకూడదు. సైలాన్ల లారీలు అటువైపు నేరం. నైట్‌షిఫ్ట్ గారు, మీ లూథెన్ వ్యూహం నిలబడేది శత్రువు ఈ నేరం చేస్తాడన్న నమ్మకం మీదే. అతను చేయకపోతే వ్యూహమే లేదు. అక్కడ నాకు ఇబ్బంది. కానీ నేరం చేసేది మాత్రం లారీ ఎక్కించినవాడే, లూథెన్ కాదు. ఈ రెండిటినీ కలిపేస్తే, ఊళ్లు తగలబెట్టినవాళ్లు రేపు మీవల్లే తగలబెట్టాం అంటారు. చరిత్రలో ప్రతి ఆక్రమణదారూ అదే అన్నాడు.


నిర్వాహకులు
ఆదివారం, ఉదయం 9:40

చర్చ బాగా నడుస్తోంది. ఒక్క మనవి. ఇవాళ్టి యుద్ధాల్లో ఫలానా పక్షం టై, ఫలానా పక్షం సైలాన్లు అని పేర్లు అంటించడం మొదలైతే ఇక సిరీస్ గురించి ఎవరూ మాట్లాడరు. చరిత్ర తేవచ్చు. ముగింపులు బయటపెడుతున్నారు కాబట్టి చూడనివాళ్లు జాగ్రత్త.


చిక్కడపల్లి చదువరి
ఆదివారం, ఉదయం 11:05

జనగామ అన్న రాసిన విసుర్రాయి సంగతి చదివాక న్యూ కాప్రికాలో ఒక వస్తువు మీదికి నా ఆలోచన పోయింది. కుక్క గిన్నె.

బాల్టర్ ఆఫీసులో పనిచేసే గేటా, సైలాన్ల కాగితాలు దొంగచాటుగా తెచ్చి ఒక చోట దాచేవాడు. దాచినప్పుడు అక్కడున్న కుక్క గిన్నెని బోర్లించేవాడు. అది చూసి ప్రతిఘటనలో ఉన్న టిరోల్ వచ్చి తీసుకెళ్లేవాడు. ఎవరు పెడుతున్నారో టిరోల్‌కి తెలియదు. ఎవరు తీసుకుంటున్నారో గేటాకి తెలియదు. లారీల్లో ఎక్కించబోయేవాళ్ల పేర్లు బయటికొచ్చింది ఆ దారినే. వాళ్లని కాపాడింది ఆ కాగితమే.

టై పెట్టిన బాంబులు మొత్తం కలిపినా ఒక్క ప్రాణం కాపాడాయా? కాపాడాయని నేననను. అవి వేరే పని చేశాయి. సైలాన్లని కుదురుగా కూర్చోనివ్వలేదు. అడామా నడిపే గెలాక్టికా యుద్ధనౌక తిరిగొచ్చేదాకా ఊరిని లొంగిపోకుండా ఉంచాయి. ఇక్కడే అసలు కీలకం ఉందనుకుంటా. బయటినుంచి ఎవరో వస్తున్నారన్న ఆశ లేకపోతే టై లెక్క మొత్తం కూలిపోతుంది. అడామా రాకపోయి ఉంటే? ఐదో నెల, పదో నెల, ఏడాది ఇలాగే బాంబులు పెట్టుకుంటూ పోతే ఊళ్లో ఎవరు మిగిలేవారు?


జనగామ మట్టి
ఆదివారం, ఉదయం 11:52

బయటినుంచి సాయం అన్నరు కాబట్టి చెప్తున్నా. మా దిక్కు భైరాన్‌పల్లి పేరు తెల్వనోళ్లుండరు. బురుజు మీద నగారా పెట్టుకుని, వడిసెలలతోని, నాటు తుపాకులతోని రజాకార్లని అంతకుముందు తరిమికొట్టిన ఊరు. 1948 ఆగస్టు 27న తెల్లారగట్ల ఫిరంగులతో వచ్చి ఊరిమీద పడ్డరు. పట్టుకున్నోళ్లని వరుసలు కట్టించి కాల్చిన్రు. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయిండు. మధ్యల మూడు వారాలే.

ఆ ఊరు ఎదురుతిరగకపోతే బతికేదా అని అడిగేటోళ్లు ఉన్నరు. ఎదురుతిరగని ఊళ్లనూ దోచిన్రు కదా. సాయం ఏ రోజు వస్తదో తెల్వక ఆ రాత్రి ఏం చెయ్యాల్నో తేల్చుకున్నోళ్ల మీద, తారీఖులన్నీ తెలిసిన మనం తీర్పు చెప్పుడు నాకు నచ్చదు. టై మీద కూడా గంతే.


డీప్‌స్పేస్ దిల్‌సుఖ్‌నగర్
ఆదివారం, మధ్యాహ్నం 2:15

అన్నా, ఈ మాట నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. తీర్పు చెప్పొద్దన్నారు, సరే. కానీ లెక్క మాత్రం అడగాలి. లేకపోతే ప్రతి లూథెనూ రేపటి సూర్యోదయం పేరు చెప్పి ఇవాళ యాభైమందిని బలిపెడతాడు.

ఊరికే అనడం లేదు. ఆండోర్‌లో క్రీగర్ అనే ఇంకో తిరుగుబాటు నాయకుడి దళం అలాగే పోయింది. స్పెల్‌హాస్ అనే చోటి మీద దాడి చేయబోతున్నారని సామ్రాజ్యానికి ముందే తెలుసు. ఆ సంగతి లూథెన్‌కీ తెలుసు. హెచ్చరిస్తే అవతలి గూఢచారి విభాగంలో ఉన్న తన మనిషి బయటపడతాడని యాభైమందినీ చావనిచ్చాడు.

నైట్‌షిఫ్ట్ తమ్ముడూ, రెండో సీజన్ (2025) చూశావు కదా. ఘోర్మన్ గ్రహం సంగతి చెప్పు. అక్కడి నేల కింద ఖనిజం సామ్రాజ్యానికి కావాలి. తవ్వితే గ్రహమే మిగలదు. జనాన్ని తుడిచిపెట్టాలంటే సాకు కావాలి. తప్పుడు పనే చేస్తారని నమ్మకంగా చెప్పగలిగే తిరుగుబాటుదారులు కావాలని సామ్రాజ్యపు గూఢచారి అధికారి డెడ్రా మొదట్లోనే సలహా ఇస్తుంది. అలాంటి గుంపుని వెతికి, పెంచి, ఆయుధాల దారి కూడా చూపిస్తారు. చివర్లో నడివీధిలో జనం పాట పాడుతుంటే, సామ్రాజ్యపు స్నైపరే సామ్రాజ్యపు సైనికుణ్ణి కాల్చి ఊచకోత మొదలుపెడతాడు. జనం మీద విరుచుకుపడాలని లూథెన్ కోరుకున్నాడు. డెడ్రా కూడా అదే కోరుకుంది. అప్పుడు ఎవరు ఎవరి పని చేస్తున్నట్టు?


గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్
ఆదివారం, సాయంత్రం 5:30

అక్కా, ఘోర్మన్ ఎపిసోడ్ చూసిన రోజు షిఫ్ట్‌లో పని చేయలేకపోయా. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. కాబట్టి మీరన్నది తేలిగ్గా తీసుకోను.

కానీ ఒక తేడా ఉంది. ఆల్దానీలో ఎప్పుడు, ఎక్కడ, ఎవర్ని కొట్టాలన్నది లూథెన్ ఎంచుకున్నాడు. ఘోర్మన్‌లో ఆ ఎంపిక మొత్తం డెడ్రా చేతిలో ఉంది. ఘోర్మన్ వాళ్లు ఆయుధం పట్టడం వల్ల ఓడిపోలేదు. శత్రువు వేసిన టైంటేబుల్ ప్రకారం పట్టడం వల్ల ఓడిపోయారు. ఇంకోటి, వాళ్లు ఏమీ చేయకుండా కూర్చున్నా ఆ ఖనిజం కోసం గ్రహాన్ని తవ్వేసేవాళ్లే. సాకు దొరకకపోతే తయారుచేసేవాళ్లు, స్నైపర్‌తో చేసింది అదేగా. ఖాళీ చేయించడానికి వచ్చినవాడి ముందు మంచిగా ఉండి ఏం లాభం?

దీన్నిబట్టి ఆక్రమణదారుకి ఏం కావాలన్నదే మొదటి ప్రశ్న అవ్వాలేమో. జనంతో పని చేయించుకోవాలనుకునేవాడికి జనం సహకారం కావాలి. వాణ్ణి సహాయ నిరాకరణతోనే కుంటివాణ్ణి చేయొచ్చు. సైలాన్లది కూడా అదే కదా, మనుషులతో కలిసి బతకాలన్న పిచ్చి కోరిక. నేల కావాలి, జనం వద్దు అనుకునేవాడి దగ్గర ఆ మందు పనిచేయదు.


మలక్‌పేట వకీలు
ఆదివారం, సాయంత్రం 6:20

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన మాటల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. దీనికి డీప్ స్పేస్ నైన్ నుంచే సాక్ష్యం ఉంది, అక్క చెప్తారేమో.


డీప్‌స్పేస్ దిల్‌సుఖ్‌నగర్
ఆదివారం, రాత్రి 8:05

యాసిమ్ గురించే అడుగుతున్నారని అర్థమైంది వకీలు గారు. ఆరో సీజన్ (1997)లో డొమినియన్ అనే శత్రు సామ్రాజ్యం స్టేషన్‌ని పట్టుకుంటుంది. బజోర్‌తో యుద్ధం లేదు, ఒప్పందం ఉంది. కిరా పొద్దున్నే లేచి, తయారై, డ్యూటీకి వెళ్తుంది. అంతా సాఫీగా నడుస్తుంటుంది, అదే భయంకరం. యాసిమ్ అనే సన్యాసిని నిరసన చేస్తానంటే వద్దని ఆపేది కిరానే. మర్నాడు ఆమె అందరి ముందు పైఅంతస్తు నుంచి ఉరేసుకుంటుంది. ఎవర్నీ చంపలేదు. ఆ తర్వాత కిరా అద్దంలో చూసుకుని, నేను వాళ్ల తరఫున పనిచేస్తున్నా అని గుర్తిస్తుంది. కొత్త ప్రతిఘటన అక్కడినుంచి మొదలవుతుంది.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది డమార్ సంగతి. ఏడో సీజన్ (1999)కి వచ్చేసరికి కార్డాసియన్లే డొమినియన్ కింద నలుగుతుంటారు. వాళ్ల నాయకుడు డమార్ తిరగబడతాడు. వాళ్లకి గెరిల్లా యుద్ధం నేర్పడానికి ఎవరిని పంపుతారు? కిరానే. చిన్నప్పటినుంచి ఎవరి మీద నేర్చుకుందో వాళ్లకే పాఠం చెప్పాలి. డొమినియన్ కోసం పనిచేసే కార్డాసియన్ల మీద కూడా బాంబు వేయాలంటుంది. మావాళ్లనే చంపమంటావా అని డమార్ మనిషి రూసోట్ మండిపడతాడు. బజోర్‌లో నేను చేసిందీ అదే అని ఆమె జవాబు. చదువరి గారు, మీ మొదటి ప్రశ్న ఇక్కడ ఎదురుతిరిగి వచ్చింది చూడండి.

కాసేపటికి డమార్ భార్యాబిడ్డల్ని డొమినియన్ చంపించేసిందని కబురొస్తుంది. అమాయకుల్ని చంపమని ఆర్డరు వేసేవాళ్లు ఎలాంటి మనుషులు అని డమార్ కుమిలిపోతాడు. అదే ప్రశ్నని కిరా అతని మొహం మీదికి తిప్పుతుంది. గదిలో అందరూ నిశ్చేష్టులైపోతారు. తర్వాత డమార్ మారతాడు, పాత కార్డాసియా కోసం పట్టుబట్టిన రూసోట్‌ని తన చేత్తోనే కాలుస్తాడు. ఇది కూడా రోనాల్డ్ మూర్ స్క్రిప్టే. టెలివిజన్‌లో ఈ విషయం మీద ఇంతకంటే ధైర్యంగా రాసిన సీను నేను చూడలేదు.


చిక్కడపల్లి చదువరి
ఆదివారం, రాత్రి 9:00

తుపాకీ ఎప్పుడు దించాలి అన్నది కూడా మాట్లాడుకోవాలి. ఈ సిరీస్‌లలో చాలావాటికి ఆ ఓపిక ఉండదు.


జనగామ మట్టి
ఆదివారం, రాత్రి 9:35

మా దగ్గర ఆ కొట్లాట పెద్దగ నడిచింది. నిజాం పోయినంక, 1948 తర్వాత, ఇక ఆపుదామని రావి నారాయణరెడ్డి లాంటోళ్లు, ఆపొద్దని ఇంకొందరు. 1951 అక్టోబరు దాకా సాగింది. ఆ నడుమ మిలిటరీ క్యాంపుల్ల నలిగింది మళ్లీ ముంతలు తోమినోళ్లే. 1952 ఎలక్షన్ల అదే రావి నారాయణరెడ్డికి నల్లగొండల నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డయ్. జనం పోరాటాన్ని వద్దనలేదు. ఆపుదామన్న మనిషినీ వద్దనలేదు. రెండూ ఒకే చేత్తో గుద్దిన్రు.


మలక్‌పేట వకీలు
ఆదివారం, రాత్రి 10:40

దించిన తర్వాత ఏం జరుగుతుందో గెలాక్టికా చూపించింది. అందరూ తప్పించుకుని ఓడలెక్కాక, ఆరుగురు కలిసి రహస్యంగా సహకరించినవాళ్ల మీద విచారణ పెడతారు. టై, టిరోల్, ఆండర్స్ అందులో ఉంటారు. తాత్కాలిక అధ్యక్షుడు జారెక్ అనుమతి ఉంది. నిందితుడికి వకీలు లేడు, సాక్షి లేడు. శిక్ష ఒక్కటే, గాలి లేని అంతరిక్షంలోకి తోసేయడం. జామర్ అలాగే పోతాడు. టిరోల్ భార్య కాలీని లారీ దగ్గర తప్పించి పంపింది తనేనని చెప్పుకున్నా వినరు. గేటా వంతు వచ్చినప్పుడు తను కాగితాలు ఎలా దాచేవాడో, గిన్నె ఎలా బోర్లించేవాడో నోటితో చెప్తేగానీ టిరోల్‌కి తట్టదు. ఇంకో నిమిషం ఆలస్యమైతే ఆ ఊరిని కాపాడినవాణ్ణే చంపేసేవాళ్లు. యుద్ధంలో రహస్యంగా ఉండటమే గేటా బలం. యుద్ధం అయ్యాక అదే ఉరితాడైంది.

రోజ్లిన్ అధ్యక్షురాలవగానే అందరికీ క్షమాభిక్ష ప్రకటిస్తుంది. చాలామంది ఇక్కడ చప్పట్లు కొడతారు, నేనూ కొడతాను. కానీ దానికి మిగిలిన బాకీ చూడండి. బాల్టర్ కేసులో (2007) బాల్టర్ తరఫున పనిచేస్తున్న లీ అడామా బోనులో నిలబడి, మనం అందర్నీ క్షమించుకున్నాం, ఈ ఒక్కణ్ణే ఎందుకు వదలం అని అడుగుతాడు. మూడుకి రెండు ఓట్లతో బాల్టర్ బయటపడతాడు. ఆ కేసులో బాల్టర్ ఇష్టపూర్వకంగానే సంతకం పెట్టాడని గేటా ప్రమాణం చేసి అబద్ధం చెప్తాడు. 2009లో అదే గేటా జారెక్‌తో కలిసి ఓడ మీద తిరుగుబాటు చేసి తుపాకీ గుళ్లకి బలవుతాడు. క్షమాభిక్ష ప్రాణాలు కాపాడింది. నిజం మాత్రం ఎవరూ వినలేదు. న్యూ కాప్రికాలో గేటా ఒక సైలాన్‌కి ఇచ్చిన పేర్లు, విడిపిస్తుందనుకుని ఇస్తే ఆమె చంపించిన పేర్లు, అతని గొంతులోనే ఉండిపోయాయి.


వనస్థలిపురం వెన్నెల
సోమవారం, ఉదయం 7:50

ఇవేవీ చూడలేదు కానీ రాత్రంతా ఈ చర్చే చదివా. కాలేజీ సెలవుల్లో మొదలుపెట్టాలని ఉంది. అన్నీ వందల గంటలున్నాయి, ఎక్కడినుంచి చూడాలి?


డీప్‌స్పేస్ దిల్‌సుఖ్‌నగర్
సోమవారం, ఉదయం 8:30

చెల్లీ, ముందు ‘డ్యూయెట్’ ఒక్కటీ చూడు. కిరా ఎవరు, బజోర్ ఎక్కడ అన్నది తెలియకపోయినా అర్థమవుతుంది. ఒక గదిలో ఇద్దరు మాట్లాడుకోవడమే దాదాపు మొత్తం. నచ్చితే ‘ది డార్క్‌నెస్ అండ్ ది లైట్’. గెలాక్టికాని మాత్రం మధ్యలోంచి చూడకు, 2003లో వచ్చిన మినీసిరీస్ నుంచే మొదలుపెట్టు. లేకపోతే టై మీద కోపం వస్తుంది తప్ప మనిషి తెలియడు. ఆండోర్ చివర్లో పెట్టుకో. నైట్‌షిఫ్ట్ తమ్ముడు ఒప్పుకోడు కానీ, లూథెన్‌ని ముందు చూస్తే మిగతావాళ్లంతా నెమ్మదిగా కనిపిస్తారు. 1983లో వచ్చిన ‘వి’ దొరికితే అది కూడా చూడు. ప్రతిఘటన వీరులకి అంకితం అని మొదట్లోనే వేస్తారు. కొంచెం పాతబడింది, కానీ గోడమీద ఎర్ర రంగుతో ‘వి’ ఎలా రాయాలో పిల్లలకి ఒక తాత నేర్పే సీను ఉంది. దాని గురించి నువ్వేమనుకుంటావో ఇక్కడే రాయి, ఆ తాతకీ మనవడికీ మధ్య జరిగేది మేమింకా మాట్లాడుకోలేదు.